గడ్డుకాలంలో ఊరి పనులు

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారక ఉపన్యాసం



గోపాలకృష్ణయ్యగారి పేరు మీద జరిగే సభల్లో మాట్లాడేవాళ్లు ఎక్కువగా చరిత్రకారులు, సాహిత్యకారులు. ఆయన పాట గురించి, పలుకు గురించి, ఆయన కూర్చిన వాలంటీర్ల దళం రామదండు గురించి వాళ్లు చెబితేనే అందం. నేను మునిసిపాలిటీల్లో నీళ్లు, రోడ్లు, కాలువల పని చూసినవాణ్ణి. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది కూడా ఆ పనిలోంచే. ఎడింబరోలో అర్థశాస్త్రం చదివి వచ్చిన మనిషి మన చీరాల పేరాల వంటి చిన్న ఊరి పన్నుల గొడవను తన గొడవ చేసుకున్నారు. మగ్గం మీద బతికే ఇల్లు ఆ పన్ను ఎక్కణ్ణుంచి తెచ్చి కడుతుందని అడిగారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ దాన్నే రెండో కొస నుంచి పట్టుకుంటాను. డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో చిన్న ఊరు తన పనులు ఎలా నడుపుకోవాలి?

ముందు ఆనాటి లెక్క చూద్దాం. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు, మునిసిపాలిటీ కంటే చిన్న పాలక సంస్థ అయిన యూనియన్‌గా ఉన్న రోజుల్లో, ఊరి మీద పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. మునిసిపాలిటీ అయ్యాక అది 40,000 దాకా పోయింది. జనాభా సుమారు 15,000. అంటే తలకు నాలుగణాల చిల్లర ఉన్నది రెండు రూపాయల పదణాలకు ఎక్కింది. అది ఎలాంటి కాలం? మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. ధాన్యం ధర, గుడ్డ ధర, కిరసనాయిలు ధర పెరిగి కూర్చున్నాయి. 1918లో వానలు మొహం చాటేశాయి, అదే ఏడు విషజ్వరం దేశమంతా జనాన్ని ఊడ్చుకుపోయింది. నేత మీద బతికే ఊరికి అంతకంటే గడ్డుకాలం ఏముంటుంది?

ప్రభుత్వం చెప్పిన కారణం ఊరి ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఇంజనీరుగా నేను ఆ అవసరాన్ని కాదనలేను. నీటికి, కాలువలకు, దీపాలకు డబ్బు కావాలి. ప్రజలు చెప్పింది కూడా నిజమే. లేని డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ రెండు నిజాల మధ్య ఒక పని మాత్రం ఎవరూ చేయలేదు. ఏ పని ముందు, ఏది తరువాత, దేనికెంత, ఎవరు ఎంత భరించగలరు అని ఊరిని కూర్చోబెట్టి మాట్లాడలేదు. ప్రజాప్రతినిధులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఛైర్మన్‌ను పెట్టి పన్ను వసూలుకు దిగింది. 1921 ఏప్రిల్లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీజీ ఇక్కడికి వచ్చారు. ఆ నెలాఖరుకు గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు ఊరంతా హద్దులు దాటి బయట రామనగర్‌లో పాకలు వేసుకుంది. 15,000 మందిలో 13,000కు పైగా వెళ్లిపోయారు. మండు వేసవి, ఆ తరువాత వానలు, ఆ తరువాత చలి. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

రామనగర్ గురించి చెప్పుకునేటప్పుడు మనం త్యాగం గురించే చెప్పుకుంటాం. నాకు మరో సంగతి ముఖ్యం. అన్నివేల మంది ఒకచోట చేరితే బావి నీళ్లు, మరుగుదొడ్డి, బాట, కాపలా, తగవులు అన్నీ ఎవరో ఒకరు చూడాలి. అక్కడ ఒక సభ ఏర్పడింది, తగవులు తీర్చే ఏర్పాటు జరిగింది, రామదండు కాపలా కాసింది. పన్ను కట్టం అన్న జనం పని వద్దనలేదు. తమకు చెప్పకుండా, తమ చేతికి అందని లెక్కతో జరిగేది వద్దన్నారు. ఆ తేడా అర్థం చేసుకోకుండా గడ్డుకాలంలో ఏ మునిసిపాలిటీని నడపబోయినా మళ్లీ అదే గోడ అడ్డం వస్తుంది.

ఇప్పుడు మన కాలానికి వస్తాను.

చిన్న మునిసిపాలిటీకి సొంతంగా వచ్చే డబ్బులో పెద్దది ఆస్తిపన్ను. తరువాత కుళాయి పన్ను, షాపుల అద్దెలు, ఇళ్ల ప్లాన్ల రుసుములు, ఆశీళ్లు. ఆస్తిపన్ను రెండు అర్ధ సంవత్సరాలకు విడివిడిగా కట్టాలి గానీ, బిల్ కలెక్టర్లను అడిగితే చెబుతారు, వాళ్లకు నిజంగా పంట చేతికొచ్చే నెల మార్చి. సంవత్సరం పొడుగునా వాయిదా వేసినవాళ్లంతా ఆ నెలలో కడతారు. 2020లో దేశం మొత్తం తలుపులు మూసుకున్నది మార్చి 25న. సరిగ్గా డబ్బు రావలసిన వారంలో రాబడి ఆగిపోయింది. ఖర్చు మాత్రం ఆగలేదు, పెరిగింది. హైపోక్లోరైట్ పిచికారీ, బ్లీచింగ్, మాస్కులు, క్వారంటైన్ కేంద్రాల్లో నీళ్లు, చెత్త. షాపులు మూసి ఉంటే అద్దె ఎలా అడుగుతాం? ఇల్లు కట్టడం ఆగితే ప్లాను రుసుము ఎవరిస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది మునిసిపాలిటీలకు ఎన్నికైన కౌన్సిళ్లు కూడా లేవు, ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. ప్రత్యేకాధికారుల కింద, అడిగేవాడూ చెప్పేవాడూ లేని స్థితిలో, ఆ రోజులు గడిచాయి.

అలాంటి రోజుల్లో బడ్జెట్ కాగితం ముందు కూర్చుంటే ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. సాధారణ నిధుల్లోంచి ముందు జీతాలు పోతాయి, పోవాలి. తరువాత కరెంటు బిల్లు. దానిలో కొంత కట్టి కొంత బకాయి పెడతారు. ఆ తరువాత మిగిలినదాని మీద కత్తెర. కత్తెర పడేది ఎప్పుడూ ఒకే చోట, మరమ్మతుల మీద. కొత్త రోడ్డుకు శంకుస్థాపన అయిపోయి ఉంటుంది, దాన్ని ఆపలేరు. మరమ్మతుకు శిలాఫలకం ఉండదు. పాత వాల్వు మార్చినందుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. ఈ ఏడు కాలువ పూడిక తీయకపోతే ఈ ఏడే ఊరు మునగకపోవచ్చు. అందుకని వచ్చే ఏడాది చూద్దాం అంటారు. పాకకు ఏటేటా ఆకు మార్చనివాడు నాలుగో ఏట వాసాలు మార్చుకోవాలి. ఆ ఖర్చు ఆకు ఖర్చుకు ఎన్ని రెట్లో కప్పు కింద పడుకునేవాడికి తెలుసు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. గడ్డుకాలంలో మొదట ఆగవలసింది కొత్త కట్టుబడి. చిట్టచివరిదాకా ఆగకూడనిది ఉన్నదాని మరమ్మతు, ఆ మరమ్మతు చేసే మనిషి కూలి. మన ఊళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

దీన్ని నీళ్లతో వివరిస్తాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

రోజంతా ఒత్తిడిలో ఉండే ఒక మెయిన్ పైపు జాయింటు దగ్గర సెకనుకు ఒక లీటరు కారుతోందనుకోండి. పెద్ద లీకు కాదు. రోడ్డు పక్కన కాస్త తడిగా ఉంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది, పందులు పొర్లుతుంటాయి. రోజుకు అది 86,400 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన పట్టణాలకు పెట్టుకున్న కొలత. ఆ లెక్కన 640 మంది నీళ్లు ఆ తడి మట్టిలోకి పోతున్నాయి. ఆ నీటిని పటిక వేసి తేర్చాం, ఫిల్టరు బెడ్డులో వడకట్టాం, క్లోరిన్ కలిపాం, 30 మీటర్ల ఎత్తుకు పంపు చేశాం. పంపు సామర్థ్యం నూటికి అరవై అనుకుంటే ఆ ఒక్క లీకు ఎత్తిపోతకే రోజుకు సుమారు 12 యూనిట్ల కరెంటు తింటుంది, ఏడాదికి 4,300 యూనిట్లు. ఊళ్లో అలాంటివి ఇరవై ఉంటే? ఏ ఊళ్లోనైనా ఇరవై ఉంటాయి. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు (ఏసీ) పైపులున్న వీధుల్లో ఇంకా ఎక్కువ. దాన్ని బాగు చేయడానికి కావలసింది ఇద్దరు కూలీలు, ఒక ఫిట్టరు, ఒక కాలరు, తవ్విన చోట మళ్లీ వేసే కాంక్రీటు. ఒక పూట పని.

లీకులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి ఖరీదైన పరికరం లేకపోయినా పని నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఇళ్లలో వాడకం లేనప్పుడు ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం గుర్తు పెట్టుకోవాలి. ఒక్కో జోను వాల్వు తెరిచి ఉంచి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ చూడాలి. ఎవరూ కుళాయి తిప్పని వేళ మట్టం దిగిందంటే ఆ నీళ్లు భూమిలోకి పోతున్నట్టే. ఎక్కువ దిగిన జోన్లో ముందు తవ్వాలి. దీనికి కావలసింది రాత్రి మేలుకునే ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం. బడ్జెట్ లేని ఏడాదిలో నేను ఏ మునిసిపల్ ఇంజనీరుకైనా చెప్పే మొదటి పని ఇది.

నీళ్ల లీకుకు ఇంకో ముఖం ఉంది, అది డబ్బు సంగతి కాదు. మన ఊళ్లలో కుళాయి ఇరవై నాలుగు గంటలు రాదు. రోజుకు గంటో, రెండు గంటలో వస్తుంది, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. సరఫరా ఆగగానే వీధి పైపులో ఒత్తిడి పోతుంది. పైపు పక్కన మురుగు కాలువ ఉండి, జాయింటు వదులై ఉంటే, ఇందాక నీళ్లు బయటికి కారిన ఆ చీలికలోంచే ఇప్పుడు మురుగు లోపలికి పోతుంది. మర్నాడు మొదట వచ్చే బిందెడు నీళ్లలో అది ఉంటుంది. చాలా ఇళ్లలో కుళాయి పైపు కాలువ గోడలోంచే, కొన్నిచోట్ల కాలువలోంచే పోతుంది. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీళ్లు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. అంత పెద్ద నగరంలో అలా జరిగింది. చిన్న ఊళ్లో ఇద్దరికో ముగ్గురికో వాంతులు విరేచనాలు అయితే అది పేపరు దాకా కూడా రాదు. మరమ్మతుల పద్దు మీద కత్తెర వేసే చేయి ఈ సంగతి తెలిసి వెయ్యాలి.

రోడ్డు సంగతి క్లుప్తంగా చెబుతాను. తారు రోడ్డుకు శత్రువు లారీ కంటే నీరు. పక్క కాలువ పూడితే నీరు రోడ్డు మీదికి వస్తుంది, పగుల్లోకి దిగుతుంది, కింది కంకర కదులుతుంది, గుంత పడుతుంది. కాబట్టి రోడ్డును కాపాడే చవకైన పని కాలువ పూడిక తీయడమే. అదీ మే నెలాఖరులోపు. తీసిన సిల్టును గట్టు మీదే పోసి వదిలేస్తారు. ఆరాక ఎత్తుదాం అంటారు. మొదటి వానకు అదంతా మళ్లీ కాలువలోకే జారుతుంది. అక్కడ కూలి ఇచ్చిందంతా నీళ్లపాలే. పూడిక తీయడానికి ఎస్టిమేటు వేసేటప్పుడు ట్రాక్టరును కూడా అందులోనే కలపని ఊరు ఒకే పనికి రెండుసార్లు డబ్బు ఇస్తుంది.

కాంట్రాక్టర్ల బిల్లుల గురించి చెప్పాలి. డబ్బు లేదని బిల్లు ఆపితే ఆదా అయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. చిన్న ఊళ్లో కాంట్రాక్టరు పెద్ద కంపెనీ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సిమెంటు, ఇసుక దించినవాడు. ఆరు నెలలు బిల్లు రాకపోతే పన్నెండు శాతం అతని చేతినుంచి పోయింది. రెండోసారి టెండరు పిలిస్తే అతను రాడు. వచ్చినవాడు ఆ ఆలస్యాన్ని రేటులో కలుపుకుని వస్తాడు, లేదా సిమెంటులో తగ్గించుకుంటాడు. పని కొలతలు రాసిన ఎం బుక్కులో అన్నీ సరిగ్గానే ఉంటాయి, రెండేళ్లకు రోడ్డు పెచ్చులూడుతుంది. అందుకని నా అభిప్రాయం కఠినంగా చెబుతాను. చేతిలో డబ్బు లేని పనికి టెండరు పిలవకూడదు. పది పనులు పిలిచి పదింటికీ సగం సగం ఇవ్వడం కంటే మూడు పిలిచి మూడింటికీ నెలలోపు పూర్తిగా చెల్లించిన మునిసిపాలిటీకి మంచి పనివాళ్లు, తక్కువ రేటు రెండూ దొరుకుతాయి.

ఇక మనుషులు. గడ్డుకాలంలో ఊరి పనులంటే మన ప్రాంతానికి పాత జ్ఞాపకం ఉంది. 1876లో మొదలైన ధాత కరువులో ప్రభుత్వం కూలి కోసం వచ్చిన జనంతో మట్టి పనులు చేయించింది. చీరాలకు దక్షిణాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను అందుకునే బకింగ్‌హాం కాలువ ఉంది కదా, మద్రాసులో కూవానికీ అడయారుకూ మధ్య దాని ముక్కను తవ్వించింది ఆ కరువు రోజుల్లోనే, 1877–78లో. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే కాలువకు నిలిచింది. అదే కరువులో భారత ప్రభుత్వం కరువు పనుల పరిశీలనకు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికని కూలిని పౌను ధాన్యానికి, పైన ఒక అణాకు కుదించాడు. రోజంతా మట్టి మోసే మనిషికి పౌను ధాన్యం! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఆ తిండితో పని చేయించడమంటే చంపడమేనని వైద్యుడిగా ఆయనకు తెలుసు. కొన్ని నెలలకు మద్రాసులో ఆ కూలి పెంచవలసి వచ్చింది. అప్పటికి పోవలసిన ప్రాణాలు పోయాయి.

పొదుపును పనివాడి కడుపులోంచి తీసుకోవడం నాటి పద్ధతి మాత్రమే కాదు. మన మునిసిపాలిటీల్లో కాలువలో దిగేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, తెల్లవారుజామున వాల్వు తిప్పేవాళ్లు చాలామంది రెగ్యులరు ఉద్యోగులు కారు. డబ్బు తక్కువైనప్పుడు వాళ్ల జీతాలే ఆలస్యమవుతాయి, వాళ్ల గ్లవ్స్, బూట్లు, సబ్బులే కొనడం మానేస్తారు. 2020 వేసవిలో మనందరం ఇళ్లలో ఉన్నప్పుడు వీధిలో కనిపించింది వాళ్లే. పూలదండలు వేశాం, కాళ్లు కడిగాం. అంతకంటే నెల మొదటి తారీఖున జీతం ఇచ్చి ఉంటే వాళ్ల ఇంట్లో పిల్లలకు మేలయ్యేది. ఇంట్లో అప్పు వెంటపడుతున్న మనిషి చేత ఊరి ఆరోగ్యాన్ని కాపాడించలేం.

మరమ్మతును నేను ఇంతగా సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. కొత్త కట్టడం మీద పెట్టిన రూపాయిలో పెద్ద ముక్క సిమెంటు, ఇనుము, యంత్రాలకు పోతుంది, అంటే ఊరు దాటిపోతుంది. కాలువ పూడిక, చెరువు గట్టు, పేవ్‌మెంటు అతుకు, పార్కు కంచె వీటి మీద పెట్టిన రూపాయిలో పెద్ద ముక్క కూలి. అది సాయంత్రానికి ఊళ్లో కిరాణా కొట్టుకు చేరుతుంది. చేతిపని తగ్గిన రోజుల్లో ఊరికి కావలసింది ఆ రూపాయే. పల్లెకు ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది, పట్టణానికి అలాంటిది దేశమంతటికీ లేదు. కేరళ 2010లో అయ్యన్‌కాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ మొదలుపెట్టింది. కరోనా వచ్చిన కొద్ది వారాల్లోనే, 2020 ఏప్రిల్లో, ఒడిశా పట్టణ కూలీలకు మునిసిపాలిటీల ద్వారా పని కల్పించింది. అక్కడ చేయించిన వాటిలో వానలకు ముందు కాలువల పూడికతీత ముఖ్యమైనది. మగ్గం ఆగిన నెలల్లో, రొయ్యల షెడ్డుల్లో పని లేని నెలల్లో, మన తీరప్రాంత పట్టణాలకు ఇది చక్కగా సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని ఎందుకు తలకెత్తుకోలేదో నాకు అంతుపట్టదు.

తక్కువ డబ్బుతో పని కాదా అంటే, అవుతుంది. సూర్యాపేట అప్పట్లో నల్లగొండ జిల్లాలో లక్షమంది జనాభా ఉన్న పట్టణం. 2003 తరువాతి సంవత్సరాల్లో కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో అక్కడ వీధుల్లోంచి చెత్తకుండీలు తీసేశారు. ఇంటింటి నుంచి తడిచెత్త, పొడిచెత్త వేరుగా ఎత్తారు. తడిదాన్ని వానపాముల ఎరువు చేశారు, పొడిదాన్ని అమ్మారు. దేశం నలుమూలల నుంచీ చూడటానికి వచ్చారు. అక్కడ మారింది పని పద్ధతి, మనుషుల మధ్య మాట. పెద్ద యంత్రాలేమీ కాదు. వీధిదీపాల సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కమ్మేశాక అక్కడ పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టారు. దీపాలు పెట్టిన సంస్థే ముందు పెట్టుబడి పెట్టి, మిగిలిన కరెంటు ఖర్చులోంచి తన డబ్బు రాబట్టుకునే ఏర్పాటు అది. చోకుతో కలిపి 50 వాట్లు తినే ట్యూబులైటు బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ రాత్రికి 12 గంటలు వెలిగితే ఏడాదికి 130 యూనిట్లు మిగులుతాయి. మూడు వేల దీపాల ఊరికి అది దాదాపు నాలుగు లక్షల యూనిట్లు. మళ్లీ ఇక్కడా మరమ్మతు ఒప్పందం సరిగ్గా లేని ఊళ్లలో ఆరిపోయిన ఎల్‌ఈడీ ఆరిపోయినట్టే ఉంది.

ఇప్పుడు పన్ను. దీన్ని దాటవేసి ఈ ఊళ్లో మాట్లాడటం కుదరదు.

కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల మీద చిన్న పట్టణాలు బాగా ఆధారపడ్డాయి. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు చిన్న, మధ్య పట్టణాలకు ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని కట్టేసింది. అది మంచిదే. పైగా లెక్కలు ప్రజల ముందు పెట్టాలని, ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించి రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరుగుదలకు తగ్గట్టు వసూలు పెంచాలని షరతు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను తెచ్చింది, ఏటా పెంపు 15 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. ఆ వెంటనే, 2021లో, ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ రుసుము మొదలైంది. కరోనా దెబ్బ నుంచి ఇళ్లు ఇంకా లేవలేదు. వీధివీధినా వ్యతిరేకత వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ రుసుము రద్దయింది.

చెత్త ఎత్తడానికి ఖర్చవుతుంది, అది ఎవరో ఒకరు భరించాలి. రుసుము వేయడం తప్పని నేను అనను. రద్దు చేయడంతో సమస్య తీరిందని కూడా అనను. రద్దయిన రోజు నుంచి ఆ ఖర్చు ఏ పద్దులోంచి వస్తోందో ప్రతి మునిసిపాలిటీ తన జనానికి చెప్పి ఉండాల్సింది. వసూలు చేసినప్పుడూ చెప్పలేదు, మానేసినప్పుడూ చెప్పలేదు. అక్కడే నాకు బాధ. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెప్పింది. చీరాల, బాపట్ల, నూజివీడు, జగ్గయ్యపేట వంటి ఊళ్లు ఆ గీతకు చాలా దిగువన ఉన్నాయి. సభ పెట్టుకోవడం తేలికైన చిన్న ఊళ్లకే సభ తప్పనిసరి కాకుండా పోయింది. తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టంలో వార్డు కమిటీలు రాసుకుంది, బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి తీసిపెట్టాలని కూడా రాసుకుంది. మొక్కలకు వాటా రాయగలిగిన చేయి మరమ్మతులకు వాటా రాయలేదా? సొంత రాబడిలో ఇంత భాగం ఉన్న ఆస్తుల మరమ్మతుకే, దాన్ని మరో పద్దుకు మళ్లించకూడదు అని రెండు రాష్ట్రాల చట్టాల్లోనూ ఒక వాక్యం పడాలని నేను కోరుతున్నాను.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి వార్డు సచివాలయం గోడ మీద నెలకొకసారి ఒక కాగితం అంటించవచ్చు. ఈ నెల ఈ వార్డులో పన్ను ఎంత వచ్చింది, ఎన్ని లీకులు కట్టారు, ఎంత సిల్టు ఎత్తారు, ఏ వీధిలో దీపం ఎన్ని రోజులు ఆరి ఉంది, ఎవరికి ఎంత బిల్లు ఇచ్చారు. అడగకుండానే సమాచారం వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతూనే ఉంది. పెద్ద బకాయిదారుల పేర్లు కూడా ఆ గోడ మీదే ఉండాలి. వాళ్లలో ప్రభుత్వ కార్యాలయాలుంటే అవీ ఉండాలి. ఏటేటా బకాయిల మీద వడ్డీ మాఫీ చేస్తూ పోతే ఏప్రిల్లోనే కట్టేసే రిటైర్డు టీచరుకు ఏమని సమాధానం చెబుతాం? అతనికి ఇచ్చే 5 శాతం రాయితీ కంటే ఎగవేసినవాడికి దక్కే మాఫీ పెద్దదవుతోంది.

చివరగా, కొత్త నిధి పెద్దగా అక్కర్లేని పని ఒకటి ఈ సభలో ఉన్న కమిషనర్లకు, ఇంజనీర్లకు అప్పగిస్తాను. మన చిన్న ఊళ్లలో భూమి కింద ఏ పైపు ఎటు పోతోందో, ఏ వాల్వు ఎక్కడుందో సరైన పటం దాదాపు ఎక్కడా లేదు. అది పాత ఫిట్టర్ల తలలో ఉంది. నేను పనిచేసిన ఒక పట్టణంలో ఒక టర్న్‌కాక్, అంటే వాల్వులు తిప్పే మనిషి, ఉండేవాడు. రోడ్డు మీద రెండుసార్లు తారు పడి మూతే కనిపించని వాల్వును, అడుగులు కొలుచుకుంటూ నడిచి, ఇక్కడ తవ్వండి అనేవాడు, సరిగ్గా అక్కడే దొరికేది. అది కుడికి తిప్పితే మూసుకుంటుందా, ఎడమకా, ఎన్ని చుట్లకు పూర్తిగా మూసుకుంటుంది, ఏ చుట్టు దగ్గర బిగుస్తుంది, అన్నీ అతనికి తెలుసు. అతను రిటైరైన ఏడాది ఆ జోన్లో మెయిన్ పగిలితే, ఏ వాల్వు మూయాలో తెలియక ఊరు ఊరంతటికీ నీళ్లు ఆపాల్సి వచ్చింది.

ఇప్పుడు అలాంటి వాళ్లలో చాలామంది ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఉన్నారు. కొందరు ఇప్పటికే ఇంట్లో ఉన్నారు. వార్డు సచివాలయాల్లో పౌర సౌకర్యాలు చూసే అమెనిటీస్ కార్యదర్శులుగా చదువుకున్న పిల్లలున్నారు, వాళ్ల చేతిలో ఫోనులో పటం గీసే సౌకర్యం ఉంది. ఆ ఇద్దరినీ కలపండి. వారానికి రెండు వీధుల చొప్పున నడిపించండి. ప్రతి వాల్వు మూత మీద నంబరు వేయించండి, చుట్లు రాయించండి, ఏ ఏడు వేసిన పైపో, ఏసీయా, డక్టైల్ ఇనుమా (డీఐ), ఏ కాలువ కింద నుంచి పోతోందో రాయించండి. రిటైరైన ఫిట్టరును రోజుకూలి ఇచ్చి పిలవండి, గౌరవంగా కుర్చీ వేసి అడగండి. ఆ పటం ఒక కాపీ ఇంజనీరింగ్ సెక్షన్లో, ఒకటి పంపుహౌసు గోడ మీద, ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉంచండి. పగిలిన చోట ఏ వాల్వు మూయాలో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కొత్త కుర్రాడికి కూడా తెలియాలి.